పాత సంచికలు పోయిన రోజు: ఒక చిన్న వెబ్ పత్రిక కేస్ స్టడీ

“అమ్మా, నా కథ లింకు నొక్కితే ఏమీ రావట్లేదు, ఒకసారి చూస్తావా” అని మాస్టారు ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నా, సాయంత్రం చూస్తానండీ అని పెట్టేసా. ఆయన రిటైరైన టీచరు, మా పత్రికలో నాలుగు కథలు రాసారు, పుస్తకం వేద్దామని అన్నీ ఒకచోట చేర్చుకుంటున్నారు. ఇంటికొచ్చి చూస్తే ఆయన కథ ఒక్కటే కాదు, పత్రిక మొత్తం లేదు. సైటుకి చోటు అద్దెకిచ్చే హోస్టింగ్ వాళ్ళ తెల్ల పేజీ ఒకటి కనిపిస్తోంది, అంతే. మళ్ళీ ఫోన్ చేసి, ఏదో టెక్నికల్ ప్రాబ్లమండీ, ఈలోపు మీ దగ్గరున్న కాపీతో పని కానివ్వండి అన్నాను. “నా దగ్గర మొదట రాసిందే ఉందమ్మా. మనిద్దరం కూర్చుని దిద్దుకున్నది మీ దగ్గరే ఉంది. పత్రికలో ఉంటుంది కదా అని నేను దాచుకోలేదు” అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఇది రాస్తున్నది కూడా దాని గురించే.

మాది చిన్న తెలుగు వెబ్ పత్రిక. మొదట్లో నలుగురం, అందరికీ వేరే ఉద్యోగాలున్నాయి, ఎవరికీ జీతం లేదు, రచయితలకి పారితోషికం ఇవ్వలేం, ప్రకటనలు తీసుకోం. నెలకో సంచిక: నాలుగైదు కథలు, ఏడెనిమిది కవితలు, రెండు వ్యాసాలు, ఒక పుస్తక పరిచయం, పాత పత్రికల్లోంచి ఏరి తెచ్చిన ఒక పాత కథ. తెలుగులో వెబ్ పత్రిక కొత్తేం కాదు, ‘ఈమాట’ అనే పత్రిక 1998లోనే మొదలైంది, అప్పటికి చాలామంది కంప్యూటర్లలో తెలుగు కనిపించడమే పెద్ద పని. అలాంటి వాళ్ళని చూసే మాలాంటివాళ్ళం ధైర్యం చేసాం. కానీ మా బలం అంతా కొత్త సంచిక మీదే పెట్టాం. ఒకటో తారీఖుకి రావాలి, కవర్ బొమ్మ బాగుండాలి, వాట్సాప్‌లో లింకులు తిరగాలి, ఆ తర్వాత దాని సంగతి వదిలేసి వచ్చే నెలది పట్టుకోవాలి.

డబ్బులివ్వలేని, పెద్ద పేరు తెచ్చిపెట్టలేని పత్రికకి ఎవరైనా తన కథ ఎందుకిస్తారు? నాకు తెలిసి రెండే కారణాలు. ఎవరో ఒకరు శ్రద్ధగా చదివి జవాబు చెప్తారని ఒకటి, వేసాక అది అక్కడ ఉంటుందని ఒకటి. మేం రెండింట్లోనూ తప్పాం. రెండోది ముందు చెప్తా, ఎందుకంటే మొదటిది దాన్ని సరిచేసుకుంటుంటేనే బయటపడింది.

సైటు ఎలా పోయింది

హోస్టింగ్ రెన్యువల్ మెయిల్స్ అన్నీ మొదట్లో సైటు కట్టిన మిత్రుడి పాత ఐడీకి వెళ్తున్నాయి, అతను పత్రిక పనుల నుంచి తప్పుకుని రెండేళ్ళయింది, ఆ ఐడీ తెరవడం కూడా మానేసాడు. డొమైన్, అంటే సైటు పేరు, నా కార్డు మీద ఉంది కాబట్టి అది బతికింది. గడువు దాటాక సైటు ఆపేసారు, ఆ తర్వాత ఇచ్చిన అదనపు రోజులు కూడా దాటాక డేటా తీసేసారు. బ్యాకప్ ఉంది కదా అనుకున్నాం. ప్రతి వారం దానంతటదే బ్యాకప్ అయ్యేది, నిజమే, కానీ అదే సర్వర్లో పక్క ఫోల్డర్లోకి. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపేసుకున్నట్టు అయింది.

బయట ఒక్క కాపీ ఉంది. మాలో ఒకావిడ అంతకుముందెప్పుడో సైటుని వేరే సర్వర్‌కి మార్చి చూద్దామని చేసిన టెస్ట్ కాపీ. ఆశగా తెరిచాం. శీర్షిక ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు, రచయిత పేరు ప్రశ్నార్థకాలు, కథ మొత్తం వరసగా ప్రశ్నార్థకాలు, మధ్య మధ్యలో కామాలు, ఫుల్‌స్టాప్‌లు మాత్రం ఉన్నాయి.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే తెలుగు సైటు నడిపేవాళ్ళు ఎవరికైనా ఇది ఎదురయ్యేదే. అక్షరాల్ని కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో తెలుగు అక్షరం గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. డేటాబేస్ మార్చేటప్పుడు ఆ మూడు బైట్లని ఎవరైనా లాటిన్ పద్ధతిలో విడివిడిగా చదివితే స్క్రీన్ మీద యూరప్ భాషల అక్షరాలు చెత్తకుప్పలా కనిపిస్తాయి. చూస్తే గుండె జారిపోతుంది కానీ బైట్లు అలాగే ఉంటాయి, ఓపికుంటే వెనక్కి తిప్పుకోవచ్చు. అలా కాకుండా, ఈ అక్షరం నా పట్టికలో లేదు అని డేటాబేస్ దాని స్థానంలో ప్రశ్నార్థకం రాసేసిందంటే అక్కడితో సరి, అసలు అక్షరం ఏమిటో ఆ ఫైల్లో ఇంకెక్కడా లేదు. మాకు జరిగింది ఈ రెండోది. ఆ కాపీ తీసిన రోజున ఒక్క కథ తెరిచి చూసుంటే తెలిసిపోయేది.

ఎలా వెతుక్కున్నాం

మొదట పాత వెబ్ పేజీల కాపీలు చూపించే వేబ్యాక్ మెషీన్‌లో వెతికాం. దాన్ని నడిపే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు 1996 నుంచి వెబ్ పేజీలు దాస్తున్నారు, 2001 నుంచి అందరూ చూసే వీలు కల్పించారు. మా హోం పేజీ చాలాసార్లు దాచింది, లోపలి కథలు మాత్రం కొన్నే. ఆ కొన్నిటిని పట్టుకోవడానికి కూడా పాత లింకులు కావాలి, మా లింకులేమో సగం తెగిపోయి ఉన్నాయి. కారణం ఏంటంటే, తెలుగు శీర్షికని వర్డ్‌ప్రెస్ (మా సైటు నడిచే సాఫ్ట్‌వేర్) లింకులోకి మార్చినప్పుడు ఒక్కో గుర్తు తొమ్మిది క్యారెక్టర్లు అవుతుంది, లింకులో ఆ భాగానికి ఉన్న చోటు 200 క్యారెక్టర్లు. అంటే గుణింతాలు, పొల్లులు అన్నీ విడివిడిగా లెక్కేస్తే 22 గుర్తులే పడతాయి. పొడుగు శీర్షికలన్నీ మధ్యలో తెగేవి, ఒకే పేరుతో మొదలయ్యే సీరియల్ భాగాలు అన్నీ ఒకే చోట తెగి చివర రెండు, మూడు, నాలుగు అని అంకెలు తగిలించుకునేవి, ఏది ఏ భాగమో తెలిసేది కాదు. ఇప్పుడు మా లింకుల్లో సంచిక నంబరు, రచన వరస నంబరు, అంతే. అందంగా ఉండదు, తెగదు.

తర్వాత మా మెయిల్స్. రచయితలకి పంపిన ప్రూఫులు, వాళ్ళు దిద్ది పంపినవి. కొందరు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైప్ చేసి పేజ్‌మేకర్ ఫైలు పంపేవారు, దాన్ని కన్వర్టర్‌లో పెట్టి యూనికోడ్ చేసుకుంటే ఒత్తులు అటూ ఇటూ అయ్యేవి, అవన్నీ చేత్తో సరిచేసి ప్రచురించాం, ఆ శ్రమంతా పోయిన సైటులోనే ఉంది, మెయిల్లో ఉన్నది పాత ఫైలే. అవి మళ్ళీ మొదటి నుంచి చేసాం.

ఇక మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఒక పాఠకురాలి దగ్గర దొరికాయి. మెయిల్ చందాదారులకి మేం ప్రతి రచనా పూర్తిపాఠం పంపేవాళ్ళం. నాలుగు లైన్లు మాత్రం పంపి మిగతాది చదవడానికి లింకు ఇస్తే సైటుకి హిట్లు పెరుగుతాయని మాలో మాకు గొడవ కూడా జరిగింది, అదృష్టం బాగుండి ఆ మార్పు చెయ్యలేదు. సైటు పోయిందని అందరికీ మెయిల్ పెడితే ఆవిడ జవాబిచ్చారు: “నా దగ్గర ఒక ఫోల్డర్లో అన్నీ ఉన్నాయండి, మొదటి ఏడాదివి తప్ప.” ఆవిడెవరో మాకు తెలీదు, ఒక్కసారి కామెంటు కూడా పెట్టలేదు. మాస్టారి నాలుగు కథల్లో మూడు ఆవిడ దగ్గర నుంచే వచ్చాయి, నాలుగోది ప్రూఫు మెయిల్లో దొరికింది.

అప్పుడే ఒక విషయం బాగా అర్థమైంది. అచ్చు పత్రిక భారతి 1924లో మొదలై 1991లో ఆగిపోయింది. పత్రిక ఆగినా సంచికలు ఎవరెవరి ఇళ్ళలోనో, లైబ్రరీల్లోనో బైండు చేసి దాచి ఉన్నాయి కాబట్టి ఇవాళ స్కాన్లుగా మన చేతికి వచ్చాయి. అచ్చు పత్రికకి దాచే పని పత్రిక వాళ్ళే చెయ్యక్కర్లేదు, కొన్నవాళ్ళే చేసిపెడతారు. వెబ్ పత్రికకి అలా కాదు, ఉన్నది ఒకే ఒక్క కాపీ, అందరూ వచ్చి దాన్నే చదివి వెళ్తారు, అది పోతే అందరి ఇళ్ళలోనూ ఒకేసారి పోయినట్టే. కాబట్టి కాపీలు పంచే పని మేమే నెత్తినేసుకోవాలి.

ఇప్పుడు చేస్తున్నది ఇది. డొమైన్, హోస్టింగ్ రెండూ ముగ్గురం చూసే ఉమ్మడి మెయిల్ మీద ఉన్నాయి. సంచిక వచ్చిన వారంలోపు ఈపబ్ (ఈ-బుక్ ఫైలు), పీడీఎఫ్, మామూలు టెక్స్ట్ ఫైలు తయారవుతాయి, అవి మూడు ఇళ్ళలో ఉంటాయి, ఒక కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెడతాం, రచయితకి తన రచన తుదిపాఠం విడిగా మెయిల్ చేస్తాం. ఏడాదికి రెండుసార్లు బ్యాకప్‌ని ఖాళీ మెషీన్ మీద నిజంగా ఎక్కించి కూర్చుని చదువుతాం. చదివేటప్పుడు ముఖ్యంగా ఇంగ్లిష్ మాటలు చూస్తాం. ఫేస్‌బుక్ అని రాసినప్పుడు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, ఫైలు మార్చడంలో అది రాలిపోయిందంటే స కింద బ ఒత్తు పడి ఫేస్బుక్ అయిపోతుంది. ఆ ఒక్క మాట చూస్తే ఫైలు ఆరోగ్యం తెలుస్తుంది.

జవాబు రాని మెయిల్స్

ప్రూఫుల కోసం పాత మెయిల్స్ తవ్వుతుంటే ఇంకోటి బయటపడింది. మేం అసలు జవాబే ఇవ్వని రచనలు. యాభై దాటాయి. కొన్ని ఒకరు చదివి ఇంకొకరికి చెప్పాలనుకుని మర్చిపోయినవి, కొన్ని ఎవరూ తెరవనివి. ఒకబ్బాయి మూడు మెయిల్స్ పెట్టాడు. “నా కథ అందిందాండీ?” తర్వాత, “అందిందో లేదో చెప్పగలరు.” ఆ తర్వాత, “ఇంకో పత్రికకి పంపుకోమంటారా?” ఇది ఎక్కడా రాలేదని, వేరే ఎవరి పరిశీలనలోనూ లేదని హామీపత్రం రాయించుకునేది మేమే, మా మాట మీద అతను ఎనిమిది నెలలు ఆ కథని కదపకుండా కూర్చున్నాడు. సైటు పోవడం కంటే ఇదే నాకు పెద్ద తప్పుగా అనిపించింది, అది మా అజాగ్రత్త వల్ల జరిగింది, ఇది ఒక మనిషిని మేం పట్టించుకోకపోవడం.

ఆ రచయితలందరికీ విడివిడిగా క్షమించమని రాసాం. తర్వాత నెలకో సంచిక మానేసి మూడు నెలలకొకటి చేసాం, అదీ చిన్నది. రచన అందగానే అందిందని మెయిల్, 30 రోజుల్లో అవునో కాదో జవాబు. 30 దాటిందంటే మమ్మల్ని అడగక్కర్లేకుండా రచయిత ఎక్కడికైనా పంపుకోవచ్చు, హామీపత్రంలోనే ఆ మాట చేర్చాం. పేరు తీసేసి ఇద్దరు చదువుతారు, ఒకరు అవునని ఒకరు కాదంటే మూడో మనిషి. సంచిక పనుల్లో ఉన్న మూడు వారాలు రచనలు తీసుకోం, ఆ సంగతి ముందే రాసి పెడతాం.

కాదని చెప్పే ఉత్తరం గురించి చాలా మాట్లాడుకున్నాం. “బాగుంది కానీ మా పత్రికకి సరిపోదు” అన్న వాక్యం ఇక వాడకూడదనుకున్నాం, దానివల్ల చదివామో లేదో కూడా తెలీదు. ఇప్పుడు ఎంత చిన్న ఉత్తరమైనా అందులో ఆ రచనకి మాత్రమే చెల్లే వాక్యం ఒకటి ఉండాలి. ‘మూడో పేజీలో తమ్ముడు వచ్చేదాకా కథ కదల్లేదు, అక్కణ్ణుంచి మొదలుపెట్టి చూడండి’ లాంటిది. దీనికి టైం పడుతుంది, అందుకే సంచిక చిన్నదైంది.

దిద్దడం, దిద్దకపోవడం

మాస్టారు పోగొట్టుకున్నది ఈ పనే కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా రాస్తా.

ఒక కొత్త రచయిత్రి కథ వచ్చింది. తండ్రి పోయాక కూతురు ఆయన కుట్టుమిషను అమ్మేయడానికి తీసుకెళ్తుంది. కొనేవాడు బాబిన్ పెట్టె తెరిస్తే అందులో సగం వాడిన నీలం దారం ఉంటుంది, అది తన స్కూలు యూనిఫాం రంగు. అక్కడ కథ అయిపోయింది. కానీ ఆ తర్వాత ఇంకో పేరా ఉంది, నాన్న ఎంత కష్టపడ్డాడో, తను దాన్ని ఎలా గుర్తించలేదో అంటూ. ఆ పేరా తీసేద్దామా అని అడిగా. “అది లేకపోతే అర్థం కాదేమోనండీ, అదే నేను చెప్పాలనుకున్నది” అంది. నేను ఒత్తిడి చెయ్యలేదు, ఆ పేరా లేకుండా మీ ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి అన్నా. మూడు రోజుల తర్వాత తనే మెయిల్ చేసింది: పేరా తీసేసి, అందులోంచి ఒక్క వాక్యం మాత్రం తీసుకెళ్ళి మొదటి పేజీలో మిషను తుడిచే చోట పెట్టింది. నాకు ఆ ఆలోచన రాలేదు. నేను తియ్యమన్నా, తను మార్చింది, కథ నేను అడిగినదానికంటే బాగా వచ్చింది. వాక్యం మార్చి రాసిచ్చే బదులు ఎక్కడ అడ్డం తగిలిందో చెప్పి వదిలేయడం ఆ కథతోనే నేర్చుకున్నా.

దిద్దకుండా ఉండటం ఇంకా కష్టం. మొదటి ఏడాది ఒక తెలంగాణ రచయిత కథలో నెరేషన్ అంతటా ‘వచ్చిండు’, ‘చేసిన్రు’ అని ఉంటే మా ప్రూఫ్ రీడింగ్‌లో కొన్ని చోట్ల ‘వచ్చాడు’, ‘చేసారు’ అయిపోయాయి. ఎవరో కావాలని చేసింది కాదు, చెయ్యి అలవాటు. ఆయన చాలా బాధపడ్డారు, “సంభాషణల్ల ఉంటే ఓకేనా మీకు, కథ చెప్పేటోడు మాత్రం మీ లెక్క మాట్లాడాల్నా?” అని అడిగారు. ఆయన అడిగింది నూటికి నూరుపాళ్ళు న్యాయం. అప్పటి నుంచి మా ప్రూఫ్ నోట్సులో మొదటి వాక్యం అదే: రచయిత ఏ యాసలో రాస్తే అది ప్రామాణికమే, ఒకే మాట ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా ఉంటే అడగాలి, మార్చకూడదు. ఆ కథని తిరిగి ఎక్కించేటప్పుడు ఆయన మొదట పంపిన ఫైలు పక్కన పెట్టుకుని మాట మాటా సరిచూసాం.

హక్కులు, పాత కథ, గొంతు

ఇంతకుముందు హక్కుల గురించి మేం ఏమీ రాసుకునేవాళ్ళం కాదు, నమ్మకం మీదే నడిచేది. పోయిన రచనల్ని ఈపబ్‌గా చేసి పెడదామంటే అసలు ఆ అనుమతి మాకుందా అన్న ప్రశ్న వచ్చింది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు ఇవ్వడమనేది రాతపూర్వకంగా ఉండాలి, ఎన్నాళ్ళకో రాయకపోతే ఐదేళ్ళనీ, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకేననీ లెక్క. ప్రపంచమంతా తెరుచుకునే వెబ్ పత్రికకి ఈ రెండూ ఇబ్బందే. ఇప్పుడు ఒక పేజీ ఒప్పందం ఉంది: తొలిప్రచురణ మాది, పాత సంచికల్లో శాశ్వతంగా ఉంచుకునే అనుమతి మాది, మిగతా హక్కులన్నీ రచయితవి, పుస్తకం వేసుకోవడానికి మమ్మల్ని అడగక్కర్లేదు.

పాత కథ శీర్షికకి కూడా ఇదే చట్టం చూసుకోవాలి. రచయిత పోయిన తర్వాతి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్ళు హక్కులు ఉంటాయి. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయనవి వేసుకోవడానికి అడ్డు లేదు. పత్రిక పాతది కదా అని కథ కూడా స్వేచ్ఛగా వేసుకోవచ్చనుకోవడం తప్పు, చూడాల్సింది రచయిత పోయిన ఏడాది. అనుమానం ఉంటే కుటుంబాన్ని వెతికి అడుగుతాం. ఒకరింట్లో మనవరాలు ఫోన్లో ఆ కథ తను ఎప్పుడూ చదవలేదని చెప్పి, ముందు నాకు పంపించండి చదువుకుంటా అంది.

కవితల్ని బొమ్మలుగా పెట్టే అలవాటుండేది, మంచి ఫాంటు, వెనక ఫోటో, షేర్ చేసుకోవడానికి బాగుంటుంది. కళ్ళు కనిపించని పాఠకుడొకాయన రాసారు, కథలు నా ఫోన్ చదివి వినిపిస్తుంది, కవితల దగ్గరికొచ్చేసరికి ‘చిత్రం’ అని చెప్పి ఆగిపోతోంది అని. బొమ్మలో ఉన్న అక్షరం అలా చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కీ అందదు, సెర్చ్‌కీ అందదు. సైటు పోయినప్పుడు మెయిల్ ఫోల్డర్లో కూడా ఆ బొమ్మలు రాలేదు, ఖాళీ గళ్ళు మిగిలాయి. అన్నీ టెక్స్టుగా మార్చాం. దాంతోపాటు కవులే తమ కవిత చదివి ఫోన్లో రికార్డు చేసి పంపడం మొదలుపెట్టాం. నాకైతే పత్రికలో ఇప్పుడు అన్నిటికంటే ఇష్టమైనది అదే, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో వింటే పాదం ఎందుకు అక్కడ విరిచారో తెలుస్తుంది.

ఇప్పుడెక్కడ ఉన్నాం

మొదటి నలుగురిలో ఇద్దరం మిగిలాం, కొత్తగా ముగ్గురు వచ్చారు, అందులో ఒకరు మూడు మెయిల్స్ పెట్టిన ఆ అబ్బాయే. తన కథ అప్పటికే వేరే పత్రికలో వచ్చేసింది. క్షమాపణ మెయిల్‌కి జవాబుగా, అందిందని చెప్పే పని నాకిస్తారా అని అడిగాడు, అప్పటి నుంచి ఆ పని అతనిదే. 30 రోజుల గడువు రెండుసార్లు దాటాం, రెండుసార్లూ ముందే చెప్పాం. పాఠకులు మునుపటికంటే తగ్గారు, నెల నెలా వచ్చేవాళ్ళకి మూడు నెలలంటే ఎక్కువ, అది తెలిసే చేసాం.

మాస్టారి పుస్తకం వచ్చింది. మొదటి ఏడాది సంచికల్లో మాత్రం కొన్ని ఇంకా దొరకలేదు. వాటికి పేజీలు తీసేయకుండా అలాగే ఉంచాం, రచన పేరు, రచయిత పేరు, సంచిక నెల, కింద ‘పాఠం దొరకలేదు, వెతుకుతున్నాం’ అని. మొన్న అలాంటి పేజీ చూసి ఒకాయన, తన అక్కయ్య అప్పట్లో ఆ కవిత నచ్చి డైరీలో రాసుకుందని ఫోటో తీసి పంపారు. రెండో చరణంలో ఒక మాట చెరిగిపోయింది. కవయిత్రికి పంపితే ఆవిడకీ గుర్తు రాలేదు, ఆ మాట ఉన్న చోట చుక్కలు పెట్టి ప్రచురించమన్నారు. అలాగే పెట్టాం. ఇంకా తొమ్మిది పేజీలు ఉన్నాయి.